మాకు తెలియదు

"నాన్నా, అమ్మకోసారి ఫోనియ్యి," అంది కీర్తి.

చింతపండులో గింజలు తీస్తూ ఫోనెత్తిన పైడితల్లి చెయ్యి ఆగింది. విశాఖపట్నం హాస్టల్లో ఉన్న కూతురు తల్లి నంబరుకే చేసి ఇలా అనడం ఇది నాలుగోసారి. మొదటిసారి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఇప్పుడు "నేనేనమ్మా" అనగానే ఆ పిల్ల నాలిక కరుచుకుని, అరకులో సిగ్నల్ బాగోదని ఏదో సర్దింది. తల్లి మనసు నొచ్చుకోకుండా పిల్ల అబద్ధాలు నేర్చుకోవడం పైడితల్లిని ఇంకా బాధపెట్టింది.

శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కి కోడలిగా వచ్చినప్పుడు తనదంటూ ఆమె తెచ్చుకున్నది పాడే గొంతొక్కటే. బజారులో ఎవరింట సీమంతమైనా మంగళహారతి ఆమే పాడాలి. ఇప్పుడు పిలుస్తారు, పసుపు రాస్తారు, హారతి పళ్ళెం మాత్రం ఇంకొకరి చేతికిస్తారు.

రెండున్నరేళ్ళ కిందట భర్త తాతారావు నగరంలో ఏదో క్లినిక్‌కి వెళ్ళొచ్చి, భుజాల నొప్పికని ఒక ట్యూబు తెచ్చాడు. దాని మీది లేబులు గీకేసి ఉంది. అప్పటినుంచి నెలనెలా అలాంటిదే ఇంకొకటి వచ్చేది. రోజూ పొద్దున్న స్నానం చేసొచ్చి స్టూలు మీద కూర్చుని, "బేగి రాయే, కొట్టు తియ్యాల" అనేవాడు. ఆమె రెండు భుజాలకీ ఇంకేదాకా అరచేతులతో మర్దనా చేసి, చేతులు కొంగుకు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తేది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఇలాంటి పనులు ఎన్నని గుర్తుంటాయి? ఇదీ వాటిలో ఒకటనుకుంది.

ఆరునెలలు తిరిగేసరికి గడ్డం మీద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. నెలసరి తప్పింది. గొంతు బొంగురుపోయి, రాన్రానూ మగగొంతయింది. "ఇంట్లో మగోడొకడు సాలడనా, నువ్వు కూడా మీసాలు పెంచుతున్నావు?" అని అత్త నాగలక్ష్మి పేరంటంలో నలుగురి ముందూ అంది. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి చెబితే తాతారావూ నవ్వాడు. ఆ తర్వాత పక్క మీద మొహం అటు తిప్పుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె స్నానాల గదికి గడియ పెట్టుకుని ఒక్కొక్క వెంట్రుకా పీక్కునేది. సంతకి కొండచీపుళ్ళు తెచ్చే సోములమ్మ ఒక్కతే గడ్డం వైపు చూడకుండా, "పాట మానేసినావేటమ్మా?" అని అడిగింది. ఆ రోజు పైడితల్లి కొట్టు వెనక్కి వెళ్ళి ఏడ్చింది.

మొన్నటి వానల్లో తాతారావుకి కాలు వాచి, ఊపిరాడక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. రక్తం గడ్డలు కట్టిందన్నారు. ఏం మందులు వాడుతున్నావని డాక్టరమ్మ గదమాయిస్తే అప్పుడు బయటపడింది. అది నొప్పి మందు కాదు, మగ హార్మోను. మగతనం తగ్గిందని వెళ్తే రక్తపరీక్షయినా లేకుండా ఆ క్లినిక్‌ వాళ్ళు అంటగట్టారు. గడ్డలు దానివల్లే అయ్యుండొచ్చంది డాక్టరమ్మ. పైడితల్లి చేతులు పట్టుకుని, ఇన్నాళ్ళూ ఈ అరచేతుల్లోంచే ఆ మందు నీ ఒంట్లోకి దిగిందనీ, వెంట్రుకలు తగ్గొచ్చు గానీ గొంతు మాత్రం మళ్ళీ రాకపోవచ్చనీ చెప్పింది.

తాతారావు మంచం మీద ఏడ్చాడు. "నాకేటి తెల్సే? తెలిస్తే నీ సేత రాయిత్తునా?" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె అతన్ని క్షమించింది. తెలియక చేసినవాణ్ణి ఏమనగలం అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంటికి తెచ్చాక, కాలి వాపుకి బిగుతు మేజోళ్ళు తొడగడం దగ్గర్నుంచి అన్నీ తనే చేసింది.

క్లినిక్ మీద, కంపెనీ మీద వినియోగదారుల కమిషన్లో కేసు వేద్దామన్నాడు లాయరు ధనుంజయ్. భార్య సాక్ష్యం కావాలని అఫిడవిట్ పంపాడు. నాలుగు పేజీలు. తాతారావు కాలు, అతని ఊపిరి, అతని దాంపత్య సుఖానికి కలిగిన లోటు. ఆమె గొంతు ఊసు ఎక్కడా లేదు. అడిగితే, "ముందు నాది తేలనీ" అన్నాడు తాతారావు. చివర ఇలా ఉంది: 'ఈ మందు ప్రమాదం గురించి మాకు ఎవరూ చెప్పలేదు. మాకు తెలియదు.' సరే, అది నిజమే కదా అనుకుంది.

ఆ మధ్యాహ్నం అతను మాత్ర వేసుకుని పడుకున్నాక అతని ఫోను మోగింది. ఆమె ఎత్తి "ఆఁ" అంది.

"తాతారావు గారూ, ధనుంజయ్‌ని. మందు పెట్టెలో కాగితం చదివి చించేశానని మొన్న నాతో అన్నారే, ఆ మాట ఇంకెక్కడా అనకండి. గడ్డల సంగతీ, ఆడవాళ్ళకి తగలకూడదన్న సంగతీ రెండూ అందులోనే ఉన్నాయి. ముఖ్యంగా మేడమ్‌కి తెలియనివ్వకండి. తెలిస్తే సంతకం పెట్టరు."

"అలాగే," అంది పైడితల్లి.

"థాంక్యూ సార్."

ఫోను పక్కన పెట్టి ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. చదివాడు. ఆడవాళ్ళకి తగలకూడదని చదివి, చించేసి, వచ్చి స్టూలు మీద కూర్చుని భుజాలు చూపించాడు. ఒక్క పూట కాదు, రెండేళ్ళు. తనకి మగతనం తగ్గిందని పెళ్ళానికి తెలియడం కంటే, పెళ్ళాం గొంతు పోవడమే అతనికి తేలికైంది. ఏడుపు కూడా ఆ మగగొంతుతోనే వచ్చింది.

కాసేపటికి తాతారావు లేచి, "పోనెవరే?" అన్నాడు.

"మీకే. నేనే మాటాడేసాను."

"సంతకం ఎట్టేసావా? బేగి ఎట్టు, రేపు పంపాల."

"రేపు రైలుకి నేనే పట్టుకెళ్తాను. కీర్తిని కూడా చూడాల."

పెన్ను తీసుకుని ఆఖరి పేజీ తిప్పింది. రెండు మాటలు కొట్టేసి పైన వేరేగా రాసింది. కింద సంతకం పెట్టింది.

"ఏటి మార్సినావు? సదువు."

చదివింది, అచ్చం అతని గొంతులాంటి తన గొంతుతో: "నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలియదు."