గుండె చుట్టూ గీసిన చదరం

మా మరిదికి మనిషంటే గుండె. మిగతాదంతా దాన్ని చుట్టిన అట్టపెట్టె. పన్నెండేళ్ళుగా ఒకే ఆసుపత్రిలో, ఒకే స్కానింగ్ విభాగంలో ఉన్నాం. అతని పరిశోధన గుండె మీద, నాది ఊపిరితిత్తుల మీద. ఇంట్లో వదినా మరుదులం, అక్కడ మాత్రం మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ ఏడాది అతను ఆరోగ్యవంతుల గుండెలు ఎలా ఉంటాయో కొలుస్తానని నలభై అయిదేళ్ళు దాటిన అరవై మందిని పోగుచేసి, నాలుగు రోజుల్లో స్కాన్లు చేయించాడు. బస్సు డ్రైవర్లు, దర్జీలు, గుమాస్తాలు. వాళ్ళలో అతని అన్న కూడా ఉన్నాడు. అంటే మా ఆయన.

గుండెకు స్కాన్ తీసేటప్పుడు యంత్రం అటూ ఇటూ ఉన్న ఊపిరితిత్తుల్నీ చూస్తుంది. కానీ బొమ్మ స్పష్టంగా రావాలని గుండె చుట్టూ ఓ చదరం గీసి, అంతవరకే తయారు చేస్తారు. చదరం బయటున్నది, ఆ విడత స్కాన్లన్నీ ముగిశాక, యంత్రంలో పది రోజులు ఉంటుంది. ఆలోగా చదరాన్ని పెద్దది చేస్తే ఊపిరితిత్తులూ కనిపిస్తాయి. పది రోజులు దాటితే చెరిగిపోతుంది, ఇక ఆ దేవుడు దిగొచ్చినా చూడలేడు.

అందరివీ పెద్దవి చేసి ఇవ్వు, నేను చూస్తానని మీటింగులో అడిగాను. వాళ్ళలో సగం మంది సిగరెట్లు తాగేవాళ్ళే.

"డాక్టర్ గారూ, వాళ్ళు గుండె చూడమని సంతకం పెట్టారు. ఏ మచ్చో కనిపిస్తే ఇక ఆరోగ్యవంతులెలా అవుతారు? నా పరిశోధన ఏం కావాలి?" అన్నాడు మరిది.

ఇంట్లో వదినా అనేవాడు, అక్కడ ఎగతాళికి డాక్టర్ గారూ అన్నాడు. అందరూ నవ్వారు. మచ్చంటూ ఉంటే నీ పరిశోధనలో లేకపోయినా వాళ్ళ ఒంట్లో ఉంటుందన్నాను. ఇంటి గొడవలు ఇక్కడికి తేవద్దని మా విభాగం చీఫ్ నాకే సుద్దులు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే స్కాన్ గదికి వెళ్ళాను. మరిది పాస్‌వర్డ్ లేకుండా తెరవడం కుదరదని టెక్నీషియన్ నీళ్ళు నమిలాడు. పోనీ ఒక్కటి తెరువు, మా ఆయనది, అన్నాను. ఆయన ఇరవై ఏళ్ళు సిగరెట్లు తాగిన మనిషి.

టెక్నీషియన్ తల దించుకున్నాడు. "అది మొదటి రోజే సార్ పెద్దది చేయించుకుని చూశారు మేడమ్. ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఆ బొమ్మలు విడిగా దాచి ఉన్నాయి. బతిమాలితే చూపించాడు. పై నుంచి కిందికి మూడుసార్లు చూశాను. ఏమీ లేదు.

విసురుగా మరిది గదికి వెళ్ళాను. కడిగిపారేద్దామనే వెళ్ళాను. నన్ను చూడగానే అతనికి విషయం అర్థమైంది.

"ఉన్నది ఒక్క అన్నయ్య కదా వదినా," అన్నాడు.

ఆ ఒక్క మాటకి నా కోపం నీరుగారిపోయింది. కుర్చీలో కూలబడి ఏడ్చాను. అతనిచ్చిన మంచినీళ్ళు తాగాను. ఇక ఈ గొడవ వదిలేద్దామా అంటే సరేనన్నాను. ఇంకా ఒక రోజు ఉంది. తన అన్నయ్యది మాత్రం చూసుకున్నాడని చీఫ్ ముందు నిలదీస్తే మిగతా యాభై తొమ్మిదీ తీయక తప్పేది కాదు. నేను ఇంటికెళ్ళి మా ఆయన పక్కన కూర్చున్నాను. పదో రోజు దాటిపోయింది.

పద్నాలుగు నెలల తర్వాత, దగ్గితే రక్తం పడుతోందని ఒక బస్సు డ్రైవర్ వచ్చాడు. స్కాన్ తీస్తే ఎడమ ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ.

"పోయినేడు ఇక్కడే నాకు స్కాన్ తీశారమ్మా. బాగున్నావని కాగితం కూడా ఇచ్చారు. అప్పుడు ఇది లేదా?" అన్నాడు.

అప్పుడు అక్కడ చూడలేదన్నాను.

"ఎందుకు చూడలేదు?" అంది పక్కనున్న అతని భార్య.

నేను అడిగాననీ, మా మరిది ఒప్పుకోలేదనీ చెప్పడానికి ఎన్నాళ్ళుగానో మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"మా ఆయనది చూసుకున్నాం," అన్నాను.