మేనత్త మాటకు తిరుగులేదు

మా ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఇది నా గొప్పేమీ కాదు, మా టోంగాలో పద్ధతే అంత. తండ్రికన్నా తండ్రి తోబుట్టువు, అంటే మేనత్త, పెద్ద. పెళ్ళయినా చావయినా మంచి చాప ముందు నాకే పరుస్తారు. నా తమ్ముడు మొసేసే కొడుక్కి సునియా అని పేరు పెట్టింది నేనే. వాడికి పదిహేడేళ్ళప్పుడు రగ్బీ ఆడమని ఆక్లాండ్ నుంచి కబురొచ్చింది. తల్లీ తండ్రీ ఎటూ తేల్చుకోలేక వాణ్ణి నా ముందు నిలబెట్టారు. "పోనివ్వండి, ఇక్కడుండి మాత్రం ఏం ఊడబొడుస్తాడు?" అన్నాను. అంతే, పోయాడు.

పద్దెనిమిదేళ్ళు ఆడాడు. ఆక్లాండ్‌లో రెండేళ్ళు, జపాన్‌లో మూడు, మిగతావన్నీ ఫ్రాన్స్ దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో. వీపు మీద ఎనిమిదో నంబరు. ఎదుటివాళ్ళ గుంపులోకి తల దూర్చి బంతి లాక్కురావడం వాడి పని. టోంగా దేశపు జట్టు ఎర్ర జెర్సీ పద్నాలుగుసార్లు వేసుకున్నాడు, అన్నిసార్లూ పైదేశాల్లోనే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఆ తల తన్నేవాళ్ళు వీడికి చాలామందే తగిలారు. అప్పట్లో మేమెవరమూ అది లెక్కచేయలేదు, గెలిచాడా లేదా అన్నదే అడిగేవాళ్ళం.

మొసేసేకి విమానమంటే చచ్చేంత భయం. అందుకని కొడుకు ఆట ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. ఫోనులో చీమంత మనుషులు అటూ ఇటూ పరిగెడుతుంటే, వాళ్ళలో తన కొడుకెవరో పోల్చుకోలేక ఎవడు కిందపడ్డా "అయ్యో నా తండ్రీ" అనేవాడు.

జూన్‌లో సునియా తిరిగొచ్చేశాడు. క్లబ్బు వాళ్ళు విందు చేసి పంపించారన్నాడు. పెళ్ళాం పిల్లలు బడి సెలవులిచ్చాక వస్తారన్నాడు. ఎండలోకి వస్తే నల్లకళ్ళద్దాలు తీయడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఏదో పారేసుకున్నవాడిలా చుట్టూ చూస్తాడు. చలిదేశం నుంచి వచ్చాడు కదా, ఎండ పడట్లేదులే అనుకున్నాం. ఎంత తెలివితక్కువ దద్దమ్మలమో చూడండి.

ఆ నెలాఖరు శనివారం మా ఊరు కొలోవాయికీ పక్కూరు ఫోవుయికీ ఆట. సునియా ఆడతానన్నాడు. మొసేసే వారం ముందే ఒక బల్ల చెక్కించి మోసుకెళ్ళి, మైదానం గీత పక్కన ఎక్కడ వేస్తే కొడుకు బాగా కనిపిస్తాడో కూర్చుని చూసుకొచ్చాడు. ఫోవుయి వాళ్ళకైతే నోటికి తాళమే లేదు. కొట్టు దగ్గర ఒకడు అందరి ముందూ అరిచాడు.

"ఏం సునియా! ఫ్రాన్సు రొట్టెలు మేసి ఒళ్ళు పెంచావు గానీ సొంతూరి కోసం ఒక్క ఆటన్నా ఆడావా? శనివారం రా, పెండలం తవ్వినట్టు తవ్వి పడేస్తాం!"

"మీ ఊరంతా కలిసి రండి బావా," అన్నాడు మావాడు. "ఒక్కొక్కడే వస్తే పడగొట్టడానికి పొద్దు చాలదు."

కొట్టు కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా మేనల్లుడు మరి.

మంగళవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఆడవాళ్ళం ఆరుగురం కూర్చుని మొగలాకు చాప అల్లుతున్నాం. సునియా చెల్లెలు లూపే నా పక్కనే ఉంది. ఊరి ఆసుపత్రిలో నర్సు. టీవీ నడుస్తోంది. సునియా తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. నేరుగా వచ్చి చెల్లెలి పక్కన చాప మీద కూర్చుని, దాని పళ్ళెంలోంచి చేమదుంప ముక్క తీసి నోట్లో వేసుకుని, టీవీలో ఎవడో పడితే పకపకా నవ్వాడు.

మా చేతులు ఆగిపోయాయి. పట్నంలో ఇప్పుడు అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని సినిమాలు చూస్తున్నారట, వాళ్ళ ఇష్టం. మా ఇంట్లో అలా లేదు. లూపేకి పన్నెండేళ్ళు వచ్చిన నాటి నుంచి ఆ ఇద్దరూ ఒక గదిలో కూర్చోలేదు. వాడు ఎప్పుడొచ్చినా గుమ్మం అవతల దగ్గి, "లోపల ఎవరున్నారు?" అని అడిగేవాడు. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు చెల్లెలు లోపలుందని వానలో గంటసేపు వసారా చివర నిలబడ్డాడు. లూపే కూడా అంతే. నేనూ మొసేసే కూడా అంతే, ఏదున్నా వాకిట్లో మాట్లాడుకోవాల్సిందే.

లూపే లేచి బయటికి వెళ్ళిపోయింది.

"దానికేమైందత్తా?" అన్నాడు సునియా, నములుతూ.

నేను పెరట్లోకి వెళ్ళాను. లూపే గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాకు ముందు కోపమొచ్చింది. "వాడికి సిగ్గులేకపోతే నేను నాలుగు తగిలిస్తాను, నువ్వెందుకే ఏడుస్తావు?" అన్నాను.

"సిగ్గులేక కాదత్తా," అంది. "తల బాగుంటే మా అన్నయ్య నా పక్కన కూర్చోడు."

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

సాయంత్రం వాణ్ణి పిలిచి నిలదీశాను. దాచలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి, చదివి అర్థం చెప్పాడు. రెండేళ్ళలో నాలుగుసార్లు తలకి దెబ్బ తగిలి మైదానంలోనే స్పృహ తప్పాడు. ఇంకొక్కటి తగిలితే మనిషి దక్కడం కష్టమని అక్కడి డాక్టరు రాశాడు. ఇక జన్మలో ఆడకూడదని కింద గీత గీసి మరీ రాశాడు.

"మరి శనివారం?"

"ఒక్క ఆటే కదత్తా. మూడు వందల ఆటలాడాను ఎవరెవరి ముందో."

చీకటి పడకముందే మొసేసే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాగితం సంగతి వాడికీ తెలిసింది. "అక్కా, ఒక్క ఆట," అన్నాడు నేల చూస్తూ. "జాగ్రత్తగా ఆడమందాం."

"జాగ్రత్తగా ఆడే రగ్బీ ఎక్కడుందిరా? కోడిపిల్లల్తో ఆడిస్తావా?" అని కసిరాను. వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పొమ్మన్నది నేను. వాడి తలకి తగిలిన ప్రతి దెబ్బా నేను పొమ్మంటేనే కదా తగిలింది. ఇప్పుడు వద్దంటే ఆ తండ్రీకొడుకుల ఒక్క ఆశా నా చేత్తోనే నలిపేసినట్టు. ఊరుకుంటే వాణ్ణి చేజేతులా పాడె ఎక్కించినట్టు.

బుధవారం పొద్దున వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి చెప్పాను. "సునియా, నువ్వు ఆడటానికి వీల్లేదు. శనివారమే కాదు, ఇంకెప్పుడూ. సోమవారం లూపే నిన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంది."

వాడు చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "నువ్వు పొమ్మంటే పోయాను, వద్దంటే మానేస్తాను. నాన్న చూడలేదత్తా, అదొక్కటే," అన్నాడు. ఆ కళ్ళలో నీళ్ళు చూడలేక ఇంటికొచ్చి తలుపేసుకుని కడుపారా ఏడ్చాను.

గురువారం పొద్దున నేను వసారా ఊడుస్తుంటే వచ్చాడు. బూట్లు మెరిసేలా తుడిచి మెడలో వేలాడేసుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అత్తా, శనివారం బండి ఎనిమిదింటికే. ముందు సీటు నీకే ఆపమన్నాను."

నా ఒళ్ళు భగ్గున మండింది. అరవై నాలుగేళ్ళలో నా మాట కాదన్న మగాడు లేడు. చీపురెత్తాను. "ఏరా, నేనంటే అంత అలుసైపోయానా? నిన్న చెప్పింది గాలికి చెప్పానా? నీ తాత కూడా..."

వాడు జంకి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నిన్నేం చెప్పావత్తా?"

ఎదిరించి అడిగిన మాట కాదది. తప్పు చేశానేమోనని నిజంగా వెతుక్కుంటున్నాడు. ఏమీ దొరక్క భయపడుతున్నాడు. చీపురు కింద పెట్టేశాను. దగ్గర కూర్చోబెట్టుకుని, మొదటిసారి చెప్తున్నట్టే మెల్లగా అంతా చెప్పాను. వాడు చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"నువ్వు పొమ్మంటే పోయాను, వద్దంటే మానేస్తాను," అన్నాడు. "నాన్న చూడలేదత్తా, అదొక్కటే."

కొడుకుని వెతుక్కుంటూ వచ్చిన మొసేసే ఇదంతా కంచె అవతల నుంచి విన్నాడు. రెండు చేతులతో కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మొసేసే వెళ్ళేటప్పుడు పిలిచాను గానీ వెనక్కి తిరగలేదు.

శుక్రవారం, సునియా బూట్లు బయటికి తీయకముందే మళ్ళీ చెప్పేద్దామని తెల్లారుతూనే వాళ్ళింటికి బయల్దేరాను. ఆలస్యమైపోయింది. అప్పటికే వాకిట్లో కూర్చుని, ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. నేను నోరు తెరవబోయాను. "అక్కా, ఇవాళ నేను చెప్తాను," అని మొసేసే అడ్డం వచ్చాడు. జీవితంలో మొదటిసారి నా మాటకు అడ్డం వచ్చాడు. ఊరుకున్నాను.

కొడుకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఇంకా ఎందుకురా తుడుస్తావు? ఆట అయిపోయిందిగా," అన్నాడు.

"ఏ ఆట నాన్నా?"

"ఫోవుయితో ఆట. మొన్న శనివారం. గీత పక్కనే బల్లేసుకుని కూర్చుని చూశాను కదరా. కళ్ళారా చూశాను. ఎంత బాగా ఆడావురా!"

సునియా బూటు వంక చూశాడు, తండ్రి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. మా ఇంట్లో అబద్ధమాడిన పిల్లల వీపులు నా చేతికి బాగా తెలుసు. పైగా నేను చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని.

"గెలిచామా అత్తా?"

"గెలిచాం," అన్నాను. "పదిహేడు పన్నెండు. చివర్లో ముగ్గుర్ని ఈడ్చుకుంటూ వెళ్ళి బంతి గీత దాటించింది నువ్వే. ఆ కొట్టు దగ్గర వాగినవాడు ఇంతవరకు ఇంట్లోంచి బయటికి రాలేదు."

వాడు నమ్మాడో, నేను చెప్పాను కాబట్టి ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"నువ్వు అన్నావంటే అంతేగా అత్తా," అన్నాడు. బూట్లు రెండూ జతచేసి తండ్రి చేతికిచ్చి, ఆకలేస్తోందని లోపలికి వెళ్ళాడు. గుమ్మం ముందు ఆగి దగ్గాడు.