రాణి రూపాయి మీద దొంగ నలుపు

బీబమ్మ రూపాయిని గడప దగ్గరికి తెచ్చి వెలుగులో చూసింది. తిప్పి చూసింది. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. ఊహూఁ, ఇది తన రూపాయి నలుపు కాదు.

ఉదయగిరిలో ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డకీ పుట్టిన నలభయ్యోనాటి స్నానం రోజున నాయనమ్మే ఆ రాణి బొమ్మ వెండి రూపాయిని మొలతాడుకు కట్టాలి. బీబమ్మ అత్తగారు కట్టింది, తర్వాత బీబమ్మ కట్టింది. ఎన్ని చిన్నపొట్టల మీద దొర్లిందో ఏమో, రాణి బుగ్గా ముక్కూ అరిగి మెరుస్తుండేవి. నలుపంతా జడపాయల సందుల్లో, అక్షరాల మూలల్లో దాక్కుని ఉండేది. ఇప్పుడేమో బుగ్గ, జడ అన్న తేడా లేకుండా అట్లపెనం అడుగులాగా అంతా ఒకటే నలుపు.

రూపాయికి చుట్టి ఉండే తీగ తెగిపోతే, కోడలు నజ్నీన్ కాన్పుకి పుట్టింటికి పోతున్నప్పుడు బీబమ్మే దాన్ని ఆమె చేతికిచ్చింది, ఆత్మకూరులో కొక్కెం పెట్టించుకు రమ్మని. కొక్కెమైతే వచ్చింది. వచ్చింది తన రూపాయేనా?

అనుమానం ఊరికే పుట్టలేదు. నజ్నీన్ తమ్ముడు సైఫుల్లా సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఈమధ్య వాడికి పాత నాణేల పిచ్చి పట్టింది. ఎవరింటికి పోయినా పోపులడబ్బా దాకా తెరిపించి చూస్తాడని పేరు.

"ఏంది నజ్నీనా ఈ నలుపు?"

"పాతది కదత్తా, నల్లగుండదా?" అంది నజ్నీన్, ఒళ్ళోని బిడ్డ వైపే చూస్తూ.

"నేనూ పాతదాన్నే గదే. నా తల ఒక్కసారే తెల్లబడిందా? ముందు చెంపలు, ఆమైన నడినెత్తి. దేనికైనా ఒక వరస ఉంటాది."

తడిగుడ్డతో అంచు రుద్దితే నలుపు గుడ్డకంటుకుంది. కిందనుంచి తెలుపు బయటపడింది. అదీ మెరుపు లేని తెలుపు, సున్నం కొట్టిన గోడలాగా. మందునీళ్ళలో ముంచి కడిగారు, కడిగినదానికి మళ్ళీ నలుపు పట్టించారు. వేరేదాన్ని తెచ్చి ఇదే పాతదని నమ్మించడానికి కాకపోతే ఇంత తంటా ఎవరు పడతారు?

"నిజం తేలిందాకా దీన్ని నా మనవడికి కట్టను. మీ తమ్ముడు నా గడప తొక్కకూడదు."

నజ్నీన్ తలెత్తింది. "నా తమ్ముణ్ణి దొంగను చేసిన ఇంట్లో నేనుండనత్తా. స్నానం కాంగానే బిడ్డనెత్తుకుని పోతా."

కొడుకు కమాలుద్దీన్ లారీ కడుగుతున్నవాడల్లా చెయ్యి ఆపాడు. "అమ్మా, ఒక్క రూపాయికి నా కాపురం చెడగొడతావా?"

తెల్లవారగానే బీబమ్మ రూపాయిని కొంగున ముడేసుకుని ఆత్మకూరు బస్సెక్కింది.

వెండి పనిచేసే పెంచలనరసయ్య రూపాయి చూడగానే చెప్పాడు. "కొక్కెం నాదే అవ్వా. అతుకు పెట్టాలంటే కాల్చాల. కాలిస్తే మసి పడతాది, యాసిడ్‌లో వెయ్యకుంటే పోదు. తెల్లగా చేసి సైఫుల్లా చేతికిచ్చినా. ఈ నలుపుతో నాకు సంబంధం లేదు."

"వాడు తెచ్చింది నా రూపాయేనా?"

"వాడు తెచ్చినదానికి కొక్కెం పెట్టినా. ఎవురిది తెచ్చినాడో నేనేం చెప్పేది?"

అంటే మార్చాలనుకుంటే ఇక్కడికి రాకముందే మార్చి ఉండొచ్చు. బీబమ్మ చెప్పులీడ్చుకుంటూ నేరుగా వియ్యపురాలు సాయిరా ఇంటికి పోయింది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా రూపాయిని ఆమె ముందు పెట్టింది.

సాయిరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"గుడ్డు వొదినా! బాలింతవు, తినవే అని ఉడకబెట్టిస్తే, నీ కోడలు ఆ పచ్చసొన నలిపి రూపాయితో కలిపి డబ్బాలో పెట్టి మూతేసింది. తెల్లారేసరికి ఇట్ట నల్లబడింది. ఫోన్లో చూసి నేర్చినాదంట."

"ఎందుకు చేసినట్టో?"

"తెల్లగా తీసుకుపోతే మా అత్త తమ్ముణ్ణి దొంగంటాదని ఒకటే ఏడుపు. నువ్వు అననే అంటివంట, రాత్రి ఫోన్లో చెప్పింది."

బీబమ్మకు చురుక్కుమంది. అయినా మనసు దిగిరాలేదు. మార్చినవాళ్ళయినా నలుపు పెట్టాలంటే ఈ గుడ్డే కదా తెచ్చేది?

"గుడ్డు సంగతి సరే వొదినా. గుడ్డు కింద ఏముందో చూద్దాం, కాస్త చింతపండు ఇయ్యి."

పెరట్లో కొళాయి కింద కూర్చుని తోమసాగింది. అప్పుడే లోపలికొచ్చిన సైఫుల్లా పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, తోమబాక పెద్దమ్మా! విలువ పోతాది!"

"ఎవురికి అమ్మేదానికిరా నీకు విలువ?"

వాడి మొహం మాడిపోయింది. "అబద్ధమెందుకు, కొక్కెం పెట్టించినాక ఫొటో తీసి ఒకాయనకు పంపినా. ఊరికే అడిగి చూద్దామని. యాసిడ్ తగిలింది, మెడ కాడ గుంట కూడా ఉండాది, మాకొద్దన్నాడు."

"గుంటేందిరా? నా రూపాయికి గుంట లేదే!"

అంటూనే చూసింది. నలుపు కరిగిపోయిన చోట, రాణి మెడ వెనక, సూది దిగినంత గుంట.

బీబమ్మ చెయ్యి ఆగిపోయింది.

పెళ్ళయిన కొత్తలో పెనిమిటి కొయ్యగరిటెలకు బెజ్జాలు పెట్టే బరమాతో, మొలతాడు దూరేలా రూపాయికీ బెజ్జం పెట్టబోయాడు. సగంలో అత్తగారు వచ్చే అడుగుల చప్పుడైంది. గబగబా ఆ గుంటలో నల్లలక్క కరిగించి పూడ్చి, "అమ్మకు చెప్పబాక" అన్నాడు. ఆమె చెప్పలేదు. ఏళ్ళు గడిచి తనే మరిచిపోయింది. పెంచలనరసయ్య మంటకు ఆ లక్క కారిపోయి ఉంటుంది.

"లేరా, చొక్కా మార్చుకో. ఉదయగిరికి పోదాం," అంది.

"రావద్దన్నావంట గదా?"

"నేనే అన్నా, నేనే పిలస్తా ఉండా. నడువు."

సాయంత్రానికి ఇల్లు చేరారు. తెల్లటి రూపాయి చూసి నజ్నీన్ ముడుచుకుపోయింది. బీబమ్మ ఆ గుంట చూపించి, దాని కథంతా చెప్పింది. "మనదే బిడ్డా. నిన్ననుమానించినా, తప్పు నాది."

నజ్నీన్ రూపాయిని అరచేతిలో పెట్టుకుని గుంట మీద వేలు పెట్టింది.

"గుంట ఉండాది కాబట్టి నమ్మినావు. లేకపోయుంటేనత్తా?"

కమాలుద్దీన్ తల్లి వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నాడు. బీబమ్మ మొలతాడు తీసి కోడలి ఒళ్ళో పెట్టింది.

"స్నానం నాడు ఈసారి నువ్వే కట్టు," అంది.

నజ్నీన్ వెంటనే అందుకోలేదు. బిడ్డ కాళ్ళు తన్నుకుంటున్నాడు. కాసేపటికి తాడు అందుకుని కొక్కెంలోకి దూర్చింది.