అక్క చెయ్యి

ఆ వీధిలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. టేపు తీయకుండా, మనిషిని ఒక్క చూపు చూసి భుజం ఇంత, నడుం ఇంత అని చెప్పేసేది. తప్పితే అర అంగుళం. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను. ఆ పని నేర్పింది అక్క. ఆ అక్క పోయి పదకొండేళ్లయింది.

ఒక ఉదయం గుడ్డ కత్తిరిస్తుండగా ఎడమచెయ్యి బల్ల మీంచి జారిపోయింది. "మిషను ఒరిగిపోతోందే, పట్టుకో!" అని కూతురిని కేకేసింది. ఒరిగింది మిషను కాదు, తనే. కూతురు పరుగున వచ్చి పట్టుకుంది.

ఆసుపత్రిలో మూడో రోజుకు మాట తేటపడింది. హమ్మయ్య అనుకుంది కూతురు. అంతలో నర్సు, మంచం అంచున వేలాడుతున్న ఎడమచేతిని తెచ్చి ఆమె పొట్ట మీద పెట్టింది. తల్లి ఉలిక్కిపడింది.

"ఇదెవరి చెయ్యే?"

"నీదేనమ్మా."

"నా చెయ్యి నాకు తెలీదా? ఇది మీ పెద్దమ్మది. ఆ సూది మచ్చలు చూడు."

"మరి ఉంగరం నీదేగా?"

"నా పెట్టెలోంచి తీసుకునుంటుంది. అక్క ఎప్పుడూ అంతేగా."

తల్లి మొహంలో వేళాకోళం లేదు.

"మరి మిగతా పెద్దమ్మ ఎక్కడుంది?" గొంతు తగ్గించి అడిగింది.

ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు, "అటుపక్క," అంది తల్లి. ఎటుపక్కో చూపించలేదు, తల తిప్పనూ లేదు.

డాక్టరమ్మ స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించింది. మెదడు కుడివైపున, చెవికి పైన, కాస్త వెనగ్గా ఒక మచ్చ. "రక్తనాళం మూసుకుపోయి ఈ భాగం దెబ్బతింది. ఒంటికి ఎడమసగం ఉందని, అది తనదేనని మనిషికి తెలియజేసేది ఇదే. మీ అమ్మగారి చూపు బాగానే ఉంది. ఎడమపక్కన ఒక లోకం ఉందన్న సంగతే మెదడు మర్చిపోయింది. ఆ ఖాళీని ఏదో ఒక కథతో పూడ్చుకుంటోంది. పిచ్చి కాదు, అబద్ధమూ కాదు. వాదించకండి. ఎడమపక్కనే కూర్చుని పలకరిస్తూ ఉండండి."

నిజమే. తల్లి పళ్లెంలో కుడిసగం తిని, "ఇంతేనా పెట్టారు?" అనేది. పళ్లెం తిప్పి పెడితే మళ్లీ తినేది. జుట్టు కుడివైపే దువ్వుకునేది.

ఆ మధ్యాహ్నం కూతురు కుర్చీని ఎడమపక్కకు జరుపుకుంది. కుర్చీ కిర్రుమంది. తల్లి ఎదురుగోడ వైపే చూస్తోంది.

"వచ్చావా అక్కా," అంది.

కూతురు కుర్చీ అంచుకు జరిగింది.

"నీ చెయ్యి ఇక్కడే వదిలేసి వెళ్లావు. చల్లగా ఉంటే దుప్పటి కప్పాను." కుడిచేత్తో దుప్పటి సర్దింది. "నువ్వు మంచాన పడి కబురు పెడితే నేను రాలేదు. మిషను కోసం పోట్లాడుకున్నాం కదా, ఆ పంతం. పని ఎక్కువగా ఉందని చెప్పించాను. పనేమీ లేదక్కా. ఖాళీగానే కూర్చున్నాను. కోపం పోయిందా?"

పోయింది అనే మాట కూతురి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పెద్దమ్మ మాట తను చెప్పడమేమిటి? ఆ మాట మింగేసింది. గదిలో చడీచప్పుడు లేదు. తల్లి మాత్రం చెవులు రిక్కించి, ఎవరో ఏదో చెబుతున్నట్టు మధ్యమధ్య "ఊఁ" కొట్టింది. చివరికి చిన్నగా నవ్వి, "సరేలే," అని కళ్లు మూసుకుంది.

కూతురు వెనక్కి తిరిగి చూడకుండా ఉండలేకపోయింది. గోడ, గోడకు ఆనించిన మందుల బల్ల. అంతే.

నెలన్నరకు వేళ్లలో కదలిక వచ్చింది. వ్యాయామం చేయించే ఆవిడ ఎడమ మణికట్టుకు ఎర్ర రిబ్బను కట్టి, రోజూ దాన్ని వెతికించేది. ఒకరోజు కొలతలమ్మ బొటనవేలు ఆడించి, దానివంక చాలాసేపు చూసి, "నాదేనే," అంది. కూతురు ఎగిరి గంతేసినంత పని చేసింది. తల్లి మటుకు గోడవైపు తిరిగి ఏడ్చింది. భోజనానికి పిలిచినా లేవలేదు.

ఇప్పుడు మళ్లీ మిషను ముందు కూర్చుంటోంది. ఎడమవైపు కుట్లు వంకరపోతుంటాయి. కూతురు విప్పి సరిచేస్తుంది. మొన్న ధైర్యం చేసి అడిగింది.

"అమ్మా, ఆసుపత్రిలో ఆ రోజు పెద్దమ్మ ఏమంది?"

తల్లి మిషను ఆపి, వింతగా చూసింది.

"అదేంటే, నువ్వు పక్కనే ఉన్నావుగా. నీకు వినపడలేదూ?"