కిటికీ దగ్గర పుట్టిన సంఘం

మార్స్‌డెన్ లీగల్ అసిస్టెంట్ల సంఘం ఎలా పుట్టిందని అడిగితే, ఏటా వార్షికోత్సవ విందులో పంచే కరపత్రం చూపిస్తారు. "పట్టుదల గల మహిళల సమష్టి కృషి" అని అందులో ఉంటుంది. సమష్టి కృషీ లేదు, చట్టుబండలూ లేవు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు చలిలో హీటరు పనిచేయని కారొకటి, అందులో గుండెలు దడదడలాడుతున్న ముగ్గురు ఆడవాళ్ళు. ఆ ముగ్గురిలోనూ ఎక్కువ దడ మావిస్ టాలివర్‌ది. అసలు చరిత్ర అదీ.

అది 1979 ఫిబ్రవరి. మావిస్ అప్పటికి చాలా ఏళ్ళుగా లాయరు హాస్కెల్ గారి ఆఫీసులో పనిచేస్తోంది. కోర్టులో నోరు విప్పేది లాయర్లు. ఆ నోరు విప్పడానికి ముందు దావా చిత్తు రాసేది, సాక్షుల జాడ తీసేది, వీలునామాలో ఏ మనవరాలి పేరూ జారిపోకుండా చూసేది మావిస్ లాంటివాళ్ళు. మార్స్‌డెన్ ఊళ్ళో అలాంటివాళ్ళు ఇరవై మంది పైచిలుకు ఉన్నారు. నెలనెలా మొదటి మంగళవారం చర్చి నేలమాళిగలో చేరేవాళ్ళు. ఎవరి వంటకం వాళ్ళు తెచ్చుకుని, కొత్త కోర్టు నిబంధనలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. తింటూ తింటూ పుట్టిందే సంఘం ఆలోచన. మన శిక్షణ మనమే ఇచ్చుకుందాం, మన కట్టుబాట్లు మనమే రాసుకుందాం అనుకున్నారు. ఆర్నెల్లు కూర్చుని నియమావళి తయారుచేసుకున్నారు.

ఇంతలో జనవరి చివర జిల్లా లాయర్ల మధ్యాహ్న భోజనంలో హాస్కెల్ గారు లేచి నిలబడ్డాడు. మన అసిస్టెంట్లకు ఒక సంఘం పెట్టబోతున్నామనీ, దాన్ని అయిదుగురు లాయర్లు నడుపుతారనీ ప్రకటించాడు. వచ్చే నెల రెండో శుక్రవారం తన ఆఫీసులోని కుర్ర లాయరు కెండల్ రాజధాని కొలంబస్ వెళ్ళి నమోదు చేయించుకొస్తాడని కూడా చెప్పాడు. పేరేమిటయ్యా అంటే, వీళ్ళు పెట్టుకుందామనుకున్న పేరే! ఆ రాష్ట్రంలో ఒక పేరు మీద ఒకే సంఘం. ముందు వెళ్ళినవాడిదే పేరు.

పోనీ, ఆయన దుర్మార్గుడా అంటే కాదు. మంచే చేస్తున్నాననుకున్నాడు మహానుభావుడు. టైపు తప్ప మరేమీ రాని మావిస్‌ని ఉద్యోగంలో పెట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పినవాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా ఆమెకు రాలేదు. ఆ కోపమే వచ్చి ఉంటే పని సులువయ్యేది.

మంగళవారం నేలమాళిగలో పెద్ద గోలైంది. కార్మికుల నష్టపరిహారం కేసులు చూసే ఆఫీసులో పనిచేసే రెనాటా వోయ్చిక్ అందరికన్నా గట్టిగా మాట్లాడింది. ఆమె నోటికి జడ్జీలే జడుసుకుంటారు.

"పెళ్ళి మనదట, పెళ్ళికొడుకుని మాత్రం వాళ్ళు చూస్తారట. ఏం, మనకు కళ్ళు లేవా?" అంది.

శుక్రవారం పొద్దున్నే వీళ్ళే కొలంబస్ వెళ్ళాలని తేల్చారు. ఇక కాగితాల తనిఖీ మొదలైంది. ఇరవై జతల కళ్ళు ఒక్కో అక్షరాన్నీ పేలు చూసినట్టు చూశాయి. ఒక కామా ఉండాలా వద్దా అని అరగంట కొట్టుకున్నారు. మర్నాడు మావిస్ సొంత పనని చెప్పి శుక్రవారానికి సెలవడిగింది. హాస్కెల్ గారు తలెత్తకుండానే, వెళ్ళిరా, చలి జాగ్రత్త అన్నాడు.

శుక్రవారం రెనాటా కారు నడిపింది. పక్కన మావిస్, వెనక సీట్లో పేదల ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో పనిచేసే ఓపల్ గెయిన్స్. దారంతా మంచు. ఊపిరి ఆవిరి అద్దం మీద గడ్డకడుతుంటే మావిస్ చేతి తొడుగుతో గీకుతూ కూర్చుంది. ఓపల్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి అందిస్తూ, చర్చి పాటలు పాడుతూ ఉంది. పాట ఆపినప్పుడల్లా, కెండల్ ఏ కారులో వస్తాడు, ఎంత వేగంగా తోలతాడు అని అడిగేది. పాడుతూనే ఉండు తల్లీ అంది రెనాటా.

తీరా కొలంబస్‌లో నమోదు కార్యాలయం ముందు కారు ఆపేసరికి, అవతలి వైపు కారు దిగుతున్నాడు కెండల్! ముగ్గురూ మెట్ల మీద జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ పరుగు. అతనివి పొడుగు కాళ్ళు, ముందు తలుపు దగ్గరికి చేరింది అతనే. కానీ ఎంతైనా మంచి తల్లి పెంచిన బిడ్డ. వెనక మావిస్, మరో ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారని చూసి, ఎందుకొచ్చారని కూడా అడక్కుండా తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురూ థాంక్స్ చెప్పుకుంటూ లోపలికి దూరి వరసలో నిలబడ్డారు. అతను వాళ్ళ వెనక నిలబడ్డాడు. అప్పుడు చూశాడు మావిస్ చేతిలోని కాగితం మీది పేరు. పాపం, ముఖం పాలిపోయింది.

కిటికీలో గుమస్తా కాగితాలు తిరగేశాడు. ఇంత శుభ్రమైన కాగితాలు ఈ వారంలో రాలేదన్నాడు. ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. అతను చివరి పేజీ తిప్పి ఆగిపోయాడు.

"సంతకాలేవమ్మా?"

ముగ్గురూ వంగి చూశారు. వ్యవస్థాపకులు సంతకం చేయాల్సిన మూడు గీతలూ ఖాళీగా ఉన్నాయి. ప్రతి గీత పక్కనా ఎర్ర పెన్సిలుతో చక్కటి ఇంటూ గుర్తు. లాయరు ఎక్కడ సంతకం పెట్టాలో తెలియడానికి వీళ్ళంతా జీవితమంతా పెట్టే గుర్తు అది. కాగితం తయారుచేయడం, గుర్తు పెట్టడం, పక్కకు జరగడం వీళ్ళ చేతులకు పట్టిన అలవాటు. కామా కోసం అరగంట కొట్టుకున్న ఇరవై మందిలో ఒక్కరికంటే ఒక్కరికి, అక్కడ ఎవరో వచ్చి సంతకం చేయరనీ, చేయాల్సింది తామేననీ తట్టలేదు. పెళ్ళి సందట్లో పుస్తె కట్టడం మరిచిపోయారంటే ఇదే.

వ్యవస్థాపకులు ముగ్గురుంటే ఇక్కడే సంతకం చేయొచ్చనీ, లేకపోతే పక్కకు జరిగి వెనకవాళ్ళకు దారివ్వాలనీ గుమస్తా చెప్పాడు. ఆ వెనకవాడు కెండల్. అతని కాగితాల మీద సంతకాలన్నీ భేషుగ్గా ఉన్నాయి.

రెనాటా పకపకా నవ్వి, పెన్ను లాక్కుని మొదటి గీత మీద చేసేసింది. ఓపల్ నిదానంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండోది చేసింది. పెన్ను మావిస్ చేతికొచ్చింది. మూడో గీత ముందు ఆగింది. తన పేరు సర్కారు కాగితంలో శాశ్వతంగా ఉంటుంది. సాయంత్రానికి హాస్కెల్ గారికి తెలుస్తుంది. పని నేర్పినవాడికి ఎదురు నిలిచిన మనిషవుతుంది తను. ఉద్యోగం సంగతి ఆ తర్వాత.

"మావిస్, ఆయన అడిగితే నేను అబద్ధం చెప్పలేను," అన్నాడు కెండల్ వెనకనుంచి మెల్లగా.

"చెప్పకు నాయనా," అంది మావిస్. మావిస్ ఎలియనార్ టాలివర్ అని పూర్తి పేరు గీత చివరిదాకా రాసింది. గుమస్తా ముద్ర గుద్దాడు. ఆ చప్పుడుకి ఆమె ఒళ్ళు ఝల్లుమంది.

కెండల్ తన కాగితాలు ఇవ్వకుండానే హాలు చివరి ఫోను దగ్గరికి నడిచాడు. మావిస్ వెంట వెళ్ళింది. అతను రెండు ముక్కలు చెప్పగానే, రిసీవరు ఇటివ్వమని చెయ్యి చాచింది.

"నువ్వా?" అన్నాడు హాస్కెల్ గారు. "మీ వెనకున్న లాయరెవరు?"

"లాయరెవరూ లేరు సార్. నేనున్నాను."

"నాతో ఒక్క ముక్క చెప్పాల్సింది, మావిస్."

"చెబితే మీరే చేసిపెడతానంటారు. మీరు చేస్తానంటే వద్దనడానికి నాకు నోరు రాదు. అందుకే చెప్పలేదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం పనిలోకి వస్తున్నావుగా?"

ఆ గొంతులో కోపం ఉంటుందని కాచుకుని ఉంది మావిస్. కోపం లేదు. భయం ఉంది. తను రాదేమోనని ఆయన భయపడుతున్నాడు! ఇన్నేళ్ళలో అలాంటిదొకటి ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"వస్తాను సార్," అంది.

రిసీవరు పెట్టి వెనక్కి తిరిగేసరికి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. రెనాటా, ఓపల్ చెరోవైపునా వాటేసుకుని గంతులేశారు. ఇది ప్రభుత్వ కార్యాలయం, కాస్త మెల్లగా అని గుమస్తా కిటికీలోంచి కేకేశాడు. వాళ్ళు వినిపించుకోలేదు.