కొలిచిచ్చే ఎండ

బేతంచెర్లలో ఏ వీధికి పోయినా నాపరాళ్ల దుమ్మే. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచిన తెల్లటి పొడి చెట్ల మీద, లారీల మీద, మనుషుల కనురెప్పల మీద పేరుకునేది. ఆ దుమ్ములో గోవిందయ్య ఒక్కడే అప్పుడే మడత విప్పిన పంచెలాగా ఉండేవాడు. నున్నగా గీసుకున్న గడ్డం, చెవుల పక్కన కత్తెరతో సరిచేసుకున్న వెంట్రుకలు, గంజి పెట్టిన చొక్కా. మధ్యాహ్నం అన్నానికి పోయి వచ్చేటప్పుడు మళ్లీ మొఖం కడుక్కొని తల దువ్వుకొని వచ్చేవాడు. బజారులో ఆయనది బట్టల అంగడి, దాని పక్కనే మా స్టీలు సామాన్ల అంగడి. నలభై దాటిన మనిషికి ఇంత సోకేమిటని మా అంగడి మెట్ల మీద కూర్చున్నవాళ్లు అనుకుంటుంటే నేనూ విన్నాను.

రెండువేల అయిదులో ఆయన పెదవి అంచున చిన్న తెల్ల మచ్చ కనిపించింది. కొన్ని నెలలకే అది పెదవుల చుట్టూ పాకి, కళ్ల కిందికీ వచ్చింది. బొల్లి. అంటుకునే జబ్బు కాదని ఎంతమంది చెప్పినా జనం నమ్మలేదు. ఆయన విప్పి చూపించిన చీరను పక్కకు నెట్టి, గుమస్తా చేత ఇంకొకటి తీయించుకునేవాళ్లు. ఆయన అన్న మహానంది రాయచోటిలో వ్యాపారం చేస్తాడు. విషయం విని వచ్చి, కొన్నాళ్లు వెనక గదిలో కూర్చోమని, ముందర గుమస్తాను పెట్టమని సలహా ఇచ్చాడు. గోవిందయ్య మరుసటి రోజు అదే వేళకు, అంతే నున్నగా గడ్డం గీసుకొని, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు.

కర్నూలులో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గర బీరువా లాంటి పెట్టె ఒకటి ఉండేది. లోపలంతా నిలువుగా ట్యూబులైట్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని అందులో నిలబడితే, ఎండలో ఉండే వెలుగు లాంటిదే ఒంటికి తగులుతుంది. మచ్చల్లో రంగు తిరిగి రావచ్చు, రాకపోవచ్చునని ఆమె ముందే చెప్పింది. గోవిందయ్య వారానికి రెండుసార్లు బస్సెక్కి పోయి రావడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి టీ బంకు దాకా వచ్చింది. లారీ బ్రోకరు ఓబులేసు అందరి ముందూ అడిగేశాడు.

"ఏమప్పా గోవిందయ్యా, మన ఊరి ఎండ సాలదని కర్నూలుకు పోయి దుడ్లిచ్చి కాపించుకుంటాండావంట?"

బంకులో ఉన్నవాళ్లంతా నవ్వారు. గోవిందయ్య టీ తాగడం ఆపలేదు.

"ఈడి ఎండ తాన్లకు తాన్లు మీద కుప్పేస్తాదప్పా ఓబులేసూ. ఆడ కొలిచిస్తారు. నాకు కావాల్సింది మూర గుడ్డే."

ఈసారి నవ్వినవాళ్లలో ఓబులేసు కూడా ఉన్నాడు.

రంగు వచ్చేదాకా మచ్చల మీద పూసుకోమని డాక్టరమ్మ ఒక క్రీము కూడా రాసిచ్చింది. ఆయన భార్య అలివేలమ్మ, చీరకు జాకెట్టు గుడ్డ కలిపినట్టుగా, గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టి రెండు రంగులు అరచేతిలో కలిపి ఆయన బుగ్గ పక్కన పెట్టి చూసేదట. కుదరడానికి చాలా రోజులు పట్టింది. అదంతా ఇంట్లోనే జరిగి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. కానీ గోవిందయ్య అంగడి బల్ల మీద చిన్న అద్దం పెట్టుకున్నాడు. చెమటకు క్రీము చెదిరితే, ఎదురుగా ఆడవాళ్లు ఉన్నా, కూలీలు ఉన్నా, తువ్వాలుతో ఒత్తుకొని నిదానంగా మళ్లీ సర్దుకునేవాడు.

అది విని మహానంది మళ్లీ వచ్చాడు. మొగవాడు బజారులో కూర్చొని మొఖానికి రంగు పూసుకుంటే ఇంటి పరువేమవుతుందని గట్టిగానే అడిగాడు. ఆ మాటలు మా అంగడిలోకి వినిపించాయి.

"సొక్కాకు గంజి పెట్టుకుంటే పరువు, మొఖానికి క్రీము పెట్టుకుంటే పరువు తక్కువా అన్నా?" అన్నాడు గోవిందయ్య. "ఈడికి వచ్చేటోళ్లు మొదట సూసేది నా మొఖమే. దాన్ని బాగా పెట్టుకునేది నా పని."

అన్న కోపంగానే వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి గోవిందయ్య ఇంకో మనిషిలాగా కనిపించసాగాడు.

ఒక సాయంత్రం పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే గాబ్రియేలు, కొడుకు అరుణ్ కుమార్‌ను వెంటబెట్టుకొని అంగడికి వచ్చాడు. కుర్రాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి. తండ్రితోపాటే పని. తలకు చుట్టుకున్న తువ్వాలను కనుబొమల మీదికి లాక్కొని నిలబడ్డాడు. గాబ్రియేలు ఆ తువ్వాలు తీయించాడు. కుడి కంటి రెప్ప మీద, చెంప మీద తెల్ల మచ్చలు. పెళ్లి కుదిరిందని, పిల్ల వాళ్లు చూసినప్పుడు మచ్చలు లేవని, ఇప్పుడేం చేయాలో తోచడం లేదని చెప్పాడు.

గోవిందయ్య అరుణ్ గడ్డం పట్టుకొని మొఖాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. తర్వాత, వచ్చే బుధవారం పొద్దున్నే బస్టాండుకు రమ్మన్నాడు.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. క్రీము ఎలా పూసుకోవాలో, దుమ్ములో పనిచేసి వచ్చాక మొఖం ఎలా కడుక్కోవాలో ఆయనే నేర్పించాడు. ఒకసారి బస్సులో ఆయన అడిగిన మాటను అరుణ్ తర్వాత నాతో చెప్పాడు.

"ఆ అమ్మాయికి చెప్పినావా?"

"చెప్తే పెండ్లి నిలిచిపోతాది సార్. క్రీము పూసుకుంటే తెలీదు గదా."

"పూసుకునేది సిగ్గుపడే పని కాదు నాయనా. కట్టుకోబోయే పిల్లకు తెలీకుండా పూసుకుంటేనే తప్పు. పోయి చెప్పు."

అరుణ్ మూడు వారాలు నాన్చి, చివరికి తండ్రిని తీసుకొని పిల్ల వాళ్ల ఊరికి పోయాడు. నీళ్లడిగి తీసుకొని, అందరి ముందూ మొఖం మీది క్రీము కడుక్కొని కూర్చొని, కర్నూలులో లైట్ల వైద్యం సంగతి చెప్పాడు. పెళ్లికూతురు తల్లి లోపలికి పోయి ఏడ్చింది. పెళ్లికూతురు జీవిత మాత్రం దగ్గరికి వచ్చి చూసి, ఆ లైట్లు కాలుతాయా అని అడిగింది. కాలవని, వెచ్చగా ఉంటుందని చెప్పాడు. ఆ పిల్ల తల్లి వైపు తిరిగి, "ముందే వచ్చి చెప్పినాడు గదమ్మా, ఇంగేం కావల్ల?" అంది. పెళ్లి తేదీ మారలేదు.

ఎండాకాలం వచ్చేసరికి అరుణ్ రెప్ప మీద చిన్నచిన్న చుక్కలుగా రంగు రావడం మొదలైంది. గోవిందయ్య పెదవులకు రాలేదు. ఇక ఆ వెలుగు వల్ల ప్రయోజనం లేదని డాక్టరమ్మ ఆయనకు ఆపేసింది. ఆయన మాత్రం బస్సెక్కడం మానలేదు. అరుణ్ లోపల పెట్టెలో నిలబడితే, బయట బెంచీ మీద కూర్చొని పేపరు చదువుకునేవాడు. ఎందుకప్పా ఈ తిప్పలని నేనడిగితే, ఒక్కడే పోతే మధ్యలో మానేస్తాడని అన్నాడు.

పెళ్లి మే నెలలో, గాబ్రియేలు వాళ్ల పల్లెలోని చర్చిలో. గోవిందయ్య, అలివేలమ్మ పోతూ నన్నూ తీసుకుపోయారు. చర్చి బయట వేపచెట్టు కింద పెళ్లికొడుకు కోటు వేసుకొని కుర్చీలో కూర్చున్నాడు. చెమటకు చెంప మీది క్రీము చారలు కట్టింది. చుట్టూ ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితులు. గోవిందయ్య జేబులోంచి డబ్బీ తీసి, తువ్వాలుతో అరుణ్ మొఖం ఒత్తి, వేలితో నిదానంగా పూయడం మొదలుపెట్టాడు. చర్చి అరుగు మీది ముసలివాళ్లు మాటలాపి చూశారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన డబ్బీలోంచి ఇంకాస్త తీసుకొని చెంప అంచు దాకా సర్దాడు.

పూత అయిపోయాక ఏసన్న అనే కుర్రాడు కాస్త ముందుకు వచ్చాడు. తనకు మచ్చల్లేవు గానీ ఎండకు మొఖం మాడిపోయిందని, ఏమన్నా ఉందా అని మెల్లగా అడిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గోవిందయ్య వాడి చెవి వెనక వేలితో రుద్ది, అంటిన రాతిపొడి చూపించి, ముందు చర్చి పక్కనున్న నీళ్ల తొట్టి దగ్గరికి పోయి శుభ్రంగా కడుక్కొని రమ్మన్నాడు. వాడి వెనకే ఇంకొకడు పోయాడు. ఆ తర్వాత అందరూ పోయారు. అలివేలమ్మ తన సంచిలోంచి సబ్బు తీసిచ్చింది. గోవిందయ్య దువ్వెన పట్టుకొని నిలబడి, వచ్చినవాడికల్లా పాపిడి సరిచేశాడు.

జీవిత బండి దిగి చర్చి వైపు వచ్చేసరికి, గుమ్మానికి రెండు పక్కలా మొఖాలు మెరుస్తూ, తడి తలలు దువ్వుకొని, ఆ కుర్రాళ్లంతా వరసగా నిలబడి ఉన్నారు.