మాట కలవని యంత్రం

కదిరమ్మ మాత్రలు ఆపడానికి ఒప్పుకున్నది స్టెల్లా మాట మీదే.

కదిరమ్మకు చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. కదిరి దగ్గరి పల్లె నుంచి మొగుడితో బెంగళూరు వచ్చి, బ్రూక్‌ఫీల్డ్‌లో లేస్తున్న ఆఫీసు కట్టడాల దగ్గర ఇటుకలు మోసేది. మూర్ఛ సంగతి తెలిసిన ప్రతిచోటా మేస్త్రీ ఆమెను పనిలోంచి తీసేసేవాడు. మారతహళ్ళిలో ఒక క్లినిక్‌లో నర్సుగా ఉన్న సుశీలమ్మ ఆమెను చూసి, తన కూతురు పనిచేసే పరిశోధన సంస్థకు పంపింది. ఆ కూతురే స్టెల్లా.

అది 1999. స్టెల్లా అక్కడ ఇంజనీరు. తల నిండా తీగలు అతికించి, మెదడులో పుట్టే సంకేతాలను పట్టుకునే యంత్రం ఒకటి ఆమె చేతికింద ఉండేది. మూర్ఛ మెదడులో ఏ చోట మొదలవుతుందో తేలితే, ఆ చోట ఆపరేషన్ చేసి నయం చేసే వీలుంటుంది. అది తేలాలంటే యంత్రం నడుస్తుండగా మూర్ఛ రావాలి. రావాలంటే మాత్రలు ఆపాలి.

"అంటే, కోరి తెచ్చుకోవల్లనా?" అని అడిగింది కదిరమ్మ.

"అవునక్కా. డాక్టర్లు పక్కనే ఉంటారు. యంత్రానికి ఒకసారి దొరికితే చాలు. మళ్ళీ ఈ బాధ ఉండదు."

"ఒక్కసారే కదా పాపా?"

"ఒక్కసారే."

మాత్రలు ఆపాక కదిరమ్మ వార్డులో మంచం మీద ఎదురుచూస్తూ పడుకుంది. మూర్ఛ రావడం వచ్చింది గానీ, ఒకదాని వెనక ఒకటిగా వచ్చింది. నాలుక కొరుక్కుంది. భుజం కీలు తప్పింది. డాక్టర్లు సూది మందు వేసి ఆపారు. తెలివి వచ్చిన తర్వాత కదిరమ్మ, వాచిన నాలుకతో మొదట అడిగిన మాట ఒక్కటే.

"దొరికిందా?"

"దొరికిందక్కా," అంది స్టెల్లా. ఆమెకు ఏడుపొచ్చింది.

దొరికిన మాట నిజమే. అదంతా యంత్రం లోపలి డిస్కులో ఉంది. అయితే దాన్ని విడదీసి చూడగల పెద్ద కంప్యూటరు వేరే భవనంలో ఉండేది. అంత భారీ రికార్డును అక్కడికి పంపడానికి యంత్రం వెనక ఒకే ఒక దారి, వెలుగుతో సంకేతాలు పంపే గాజు తీగ తగిలించే నలుచదరపు మూతి. యంత్రం కొన్న రోజుల్లో ఆ మూతీ, దాని వెనక నడిచే పద్ధతీ ప్రపంచంలోకెల్లా వేగమైనవని అందరూ అన్నారు. ఇక ముందు అన్ని నెట్‌వర్కులూ అలాగే ఉంటాయన్నారు. సంస్థ కూడా ఆ పద్ధతి ప్రకారమే భవనాలన్నిటికీ గాజు తీగలు వేయించింది.

పెద్ద కంప్యూటరు దగ్గర వరస పొడవుగా ఉండేది. కదిరమ్మ వంతు ఇంకా రాలేదు. ఈలోపల నెట్‌వర్కు విభాగానికి ఆశీష్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. విజయవాడ కుర్రాడు, చురుకైనవాడు. పాత పద్ధతి చచ్చిపోయిందని, విడిభాగాలు కూడా ఎవరూ తయారుచేయడం లేదని, తీగలను కలిపే స్విచ్ పెట్టెలతో సహా మొత్తం మార్చేస్తున్నామని నోటీసు అంటించాడు. స్టెల్లా పరుగున అతని గదికి వెళ్ళింది.

"మా యంత్రానికి పాత మూతి తప్ప ఇంకోటి లేదు ఆశీష్. ఒక్క పాత స్విచ్ మా గదిలో వదిలెయ్యి."

"మేడమ్, కన్వర్టర్ కేబుల్ ఇస్తాను. ఒక ఎండ్ పాత కనెక్టర్, ఇంకో ఎండ్ కొత్తది. సింపుల్."

"మూతి కలిస్తే సరిపోదయ్యా. మాట కలవాలి కదా. మా యంత్రం మాట్లాడే భాష నీ కొత్త స్విచ్‌కు రాదు."

ఆశీష్‌కూ అర్థమైంది. "మీ ప్రొఫెసర్ ఒక మెయిల్ పెడితే ఒక స్విచ్ ఉంచుతాను. ఆయన అడగకుండా నేను ఉంచలేను."

ప్రొఫెసర్ నాగప్ప బెంగళూరులోనే పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. స్టెల్లాను ఉద్యోగంలోకి తీసుకున్నదీ, పని నేర్పినదీ ఆయనే. ఆమె చెప్పినదంతా కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"పాత యంత్రం పనిచేస్తా ఉంటే కొత్తది ఎవరిస్తారమ్మా? తగిలించేదానికి దారి లేదని మనం రాస్తేనే కదా డబ్బులిచ్చే ఢిల్లీ వాళ్ళు కదిలేది. స్విచ్ అడిగితే మన కేసు మనమే చెడగొట్టుకున్నట్టు."

"లోపల పేషెంట్ల రికార్డులున్నాయి సార్. కదిరమ్మది ఉంది."

"ఉండనీ. యాడికి పోతాయి? భద్రంగా దాంట్లోనే ఉండాయి కదా."

ఆయన మెయిల్ పెట్టలేదు. తొందరలోనే పాత స్విచ్‌లన్నీ పాత సామాన్ల వాళ్ళ లారీ ఎక్కాయి.

స్టెల్లా ఆశ వదులుకోలేదు. డిస్కు విప్పి వేరే కంప్యూటరుకు పెట్టి చూసింది. యంత్రం చేసిన విదేశీ కంపెనీ తన సొంత పద్ధతిలో రాసిన డిస్కు అది. ఒక్క అక్షరం చదవబడలేదు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, దాన్ని ఇంకెవరో కొని మూసేశారని తెలిసింది. శనివారాలు ఎస్.పి. రోడ్డులో పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లు తిరిగింది. మూతులు మార్చే కేబుళ్ళు ఎన్నో దొరికాయి. ఒక్కొక్కటీ తెచ్చి తగిలించేది. క్లిక్కుమని సుఖంగా కూర్చునేది. పక్కన, మాట కలిసిందని చెప్పే ఆకుపచ్చ దీపం మాత్రం వెలిగేది కాదు.

కదిరమ్మ మళ్ళీ మొదలుపెట్టిన మాత్రల కోసం వచ్చినప్పుడల్లా గది గుమ్మంలోకి తొంగిచూసేది.

"ఏం తేలిందమ్మా?"

"ఇంకొంచెం టైమ్ పడుతుందక్కా."

"సరేలే. నిదానంగానే చూడండి," అనేది. ఆ 'సరేలే' వినలేక స్టెల్లా కొన్నిసార్లు ఆమె వచ్చే వేళకు క్యాంటీన్‌కు వెళ్ళిపోయేది.

చివరికి దారి దొరికేసరికి 2003 వచ్చింది. వేరే కాలేజీ ఫిజిక్స్ విభాగంలో మూలపడ్డ ఒక కంప్యూటరుకు పాత పద్ధతి కార్డు ఇంకా ఉందని ఆశీషే ఎక్కడో విని చెప్పాడు. వాళ్ళను బతిమాలి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. రెండు యంత్రాలనూ ఎదురెదురుగా నేరుగా కలిపింది. దీపం వెలిగింది. రికార్డు అక్కడినుంచి పెద్ద కంప్యూటరుకు చేరింది; కదిరమ్మ మూర్ఛలు గీతలు గీతలుగా తెర మీద కదిలాయి. నాడీ వైద్యుడు వచ్చి చూసి, తన ఎడమ కణత వెనక వేలుపెట్టి చూపించాడు. "ఇక్కడే మొదలు. చాలా స్పష్టంగా ఉంది."

స్టెల్లా ఆ కాగితాలు పట్టుకుని ఆపరేషన్ల కమిటీ ముందు కూర్చుంది. కమిటీ అధ్యక్షుడు కాగితాలు తిరగేసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళ పాత రికార్డు మీద తల తెరవలేమన్నాడు. ఈ మధ్యలో ఎన్ని మూర్ఛలు వచ్చాయో, ఆ చోటు ఎంత పాకిందో ఎవరికి తెలుసన్నాడు. పైగా ఈ యంత్రం పనికిరాదని మీ విభాగమే రాసిచ్చింది కదా అన్నాడు. ఆయన తప్పేమీ మాట్లాడలేదు. స్టెల్లా పక్కకు తిరిగి చూసింది. తనతో వచ్చిన నాగప్ప తల వంచుకుని ఉన్నాడు.

"కొత్త యంత్రం వచ్చేసింది కదమ్మా," అన్నాడాయన బయటికొచ్చాక. "ఇంకొకసారి తీద్దాం. దానికేముండాది?"

అప్పటికి కదిరమ్మ వాళ్ళు సర్జాపుర రోడ్డులో కొత్త అపార్ట్‌మెంట్ల పనికి మారారు. స్టెల్లా రేకుల షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళింది. ఎత్తు మీద పని ఎవరూ ఇవ్వకపోవడంతో కదిరమ్మ కింద ఇసుక జల్లెడ పడుతోంది. చెంప మీద కాలిన మచ్చ కొత్తగా ఉంది. అన్నం వండుతుంటే మూర్ఛ వచ్చి పొయ్యి మీద పడిందట.

స్టెల్లా జరిగినదంతా చెప్పింది. చోటు దొరికిందనీ, కానీ పనికిరాదన్నారనీ, మళ్ళీ మాత్రలు ఆపాలనీ.

కదిరమ్మ జల్లెడ కింద పెట్టింది. "దొరికిందని నువ్వే చెప్తివి కదా."

"దొరికిందక్కా. పంపించే దారి మూసేశారు."

"దారి మీది. మూసినోళ్ళూ మీరే. నా తలకాయ ఏమన్నా బీడు భూమా తల్లీ, మీకు గుర్తొచ్చినప్పుడల్లా కొత్తగా దున్నేదానికి?"

"ఈసారి అట్లా జరగదక్కా."

"ఆ పొద్దు కూడా ఒక్కసారే అంటివి."

కదిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతులో కోపం కూడా లేదు. "పో పాపా, ఎండగా ఉండాది. నువ్వు మంచిదానివే. నీ మంచితనంతో నాకేం పనిలేదు," అని జల్లెడ ఎత్తుకుంది.

కొత్త యంత్రాన్ని పూలదండలతో ప్రారంభించారు. తర్వాతి వారం మొదటి పేషెంటుగా కోలార్ నుంచి ఒక స్కూలు టీచరు భర్తతో వచ్చింది. మాత్రలు ఆపాలంటే భయంగా ఉందని చెప్పి, "తీసిన రికార్డు తప్పకుండా పనికొస్తుందా మేడమ్?" అని అడిగింది. నాగప్ప పక్కనే ఉన్నాడు.

"పనికి రావచ్చు," అంది స్టెల్లా. "వెంటనే చూస్తేనే. ఎవరు చూస్తారో, ఏ తేదీన చూస్తారో కాగితం మీద రాయించుకోండి. అది ఇచ్చేదాకా మాత్రలు ఆపకండి. ఇంతకుముందు ఒకావిడకు నేను మాటిచ్చాను. నిలబెట్టుకోలేకపోయాను."

భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. ఆలోచించుకుని వస్తామని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

నాగప్ప ఆమె మీద అరవలేదు. "నీకు అలుపొచ్చిందమ్మా, కొన్నాళ్ళు వేరే పని చూడు," అన్నాడు. నెల తిరక్కుండానే స్టెల్లాను లైబ్రరీ కంప్యూటర్ల విభాగానికి మార్చారు. కొత్త యంత్రం గదికి, మాత్రలు ఆపడం గురించి పేషెంట్లకు నచ్చజెప్పడంలో నేర్పున్న ఇంకొక ఇంజనీరును తీసుకున్నారు.